చెయ్యి కడిగిన చప్పుడు

ఇలా వచ్చి కూర్చో. గుమ్మానికి ఆనుకుని, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని వింటే నాకు చెప్పబుద్ధి కాదు. ఆ వెదురు మోడా ఇటు లాక్కో. రాసుకుంటావో, ఫోన్లో పట్టుకుంటావో నీ ఇష్టం. మధ్యలో మాత్రం "ఇది ఇందాక చెప్పావు మామ్మా" అనకు. చెప్పిందే మళ్ళీ చెప్పానంటే అది నాకు నచ్చిన ముక్క అన్నమాట. సరిగ్గా విను.

నిన్న కలకత్తాలో మెక్సికో వాళ్ళ హోటల్‌కి తీసుకెళ్ళావు కదా. రొట్టె మడిచి, లోపల ఖీమా కూరి, పైన తెల్లగా మీగడలాంటిదేదో వేసి తెచ్చారు. ఎలా ఉంది మామ్మా అని నువ్వు అడిగితే బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఆ గింజల ముద్దలో మాత్రం ఉప్పు తక్కువైంది. అయితే నేను తిండి కంటే మిమ్మల్నే ఎక్కువ చూశాను. ఒకే బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. మీ నాన్న కంచంలోంచి నువ్వు తీసుకున్నావు, నీ కంచంలోంచి మీ అమ్మ తీసుకుంది. వెయిటర్ పళ్ళెం పెట్టీ పెట్టగానే అందరికంటే ముందు మీ అమ్మే ముక్క విరిచి నోట్లో వేసుకుంది. వేడికి నోరు కాలి చేత్తో విసురుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఏంటత్తయ్యా నవ్వుతున్నారు అంది. తర్వాత చెబుతానన్నాను. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

నేను కోడలిగా ఖరగ్‌పూర్ వచ్చేనాటికి మావాళ్ళు న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉండేవారు. రెండు గదులు, ముందు వరండా, వెనక వంటిల్లు, దాన్ని ఆనుకుని ఇంకో చిన్న వరండా. ఇంట్లో నలుగురం. మావయ్య వర్క్‌షాప్‌లో ఫిట్టర్. మీ తాతయ్య అప్పుడు ఇంజన్ మీద ఫైర్‌మన్. అత్తా, నేనూ. అంతే. చుట్టుపక్కలంతా మన శ్రీకాకుళం వైపు వాళ్ళే కాబట్టి భాషకి ఇబ్బంది పడలేదు. ఇబ్బందల్లా అన్నం దగ్గరే.

మా అమ్మగారింట్లో నేను ఆఖరిదాన్ని. పొయ్యి మీంచి గిన్నె దిగగానే మా నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పొగలు పోతున్న అన్నంలో గుంట చేసి నెయ్యి వేసేవారు. ఆ నెయ్యి కరిగి అన్నంలోకి దిగడం చూశాకే నేను ముద్ద ఎత్తేదాన్ని. అలా పెరిగానా, ఇక్కడికొచ్చాక పద్ధతి వేరు. మగవాళ్ళు తిని, చెయ్యి కడుక్కుని లేచేదాకా ఆడవాళ్ళు మెతుకు ముట్టకూడదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో అంతే. కానీ పల్లెలో మగవాళ్ళు ఒకే వేళకి తింటారు. మనది రైలు ఊరు. మావయ్య మధ్యాహ్నం వర్క్‌షాప్ సైరన్, అదే భోంపు, కూయగానే సైకిలెక్కి వచ్చి, తిని, మళ్ళీ భోంపు కూసేలోపు వెళ్ళిపోయేవారు. మీ తాతయ్య బండి ఎప్పుడొస్తుందో ఆ బండికే తెలియదు. ఒంటిగంటకి రావలసిన మనిషి సిగ్నల్ దొరక్క ఏ హిజ్లీ దగ్గరో ఆగిపోయి నాలుగింటికి వచ్చేవారు. అప్పటిదాకా అత్తా నేనూ వంటింటి గడపకి చెరో పక్క కూర్చుని గిన్నెల మూతలు చూస్తూ ఉండేవాళ్ళం.

చలికాలం ఇక్కడెలా ఉంటుందో నీకు తెలుసు. సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టుకుపోతుంది. ఇక నాలుగింటికి ఆ అన్నం ఎలా ఉంటుంది. నెయ్యి వేస్తే వేసినచోటే తెల్లగా కూర్చునేది. చేపల పులుసు మీద చల్లటి తెట్టు కట్టేది. మళ్ళీ వెచ్చబెడదామంటే బొగ్గు దండగ అనేది అత్త.

దొంగచాటుగా తినొచ్చుగా అంటావు. తినొచ్చు. కానీ అత్త నా పక్కనే ఖాళీ కడుపుతో కూర్చునేది. ఆవిడ నన్ను ఒక్కదాన్నే ఆపి తను తిన్న మనిషి కాదు. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడా చల్లన్నమే తింది. నోరు మాత్రం పదును. ఒకసారి ఆకలి పట్టలేక అడిగాను.

"అత్తా, ఆరికి తీసి పక్కనెట్టీసి మనం తినేత్తే ఏటవుతాది?"

"ఏటీ కాదు. ఆకాసం ఊడి పడదు. నాను మాత్రం తిన్నేను. నువ్వు తిను, నాను సూత్తాను."

ఆవిడ చూస్తూ ఉంటే నేనెలా తింటాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నగలు, చీరలు, సినిమాలు, ఇవేవీ నాకు అప్పట్లో గుర్తుండేవి కావు. పొయ్యి మీంచి దిగిన తిండి దిగినప్పుడే తినాలి, ఒక్కసారైనా చాలు. ఇదే నా మనసులో తిరుగుతూ ఉండేది.

ఇలా ఉండగా మావయ్యకి పళ్ళు వచ్చాయి. నవ్వకు. పుచ్చిపోయిన పళ్ళన్నీ తీయించేసుకుని కొన్ని నెలలు జావ, పిసికిన అన్నంతోనే గడిపారు. చిగుళ్ళు గట్టిపడ్డాక కట్టుడు పళ్ళు చేయించారు. మొదటి రోజు పెట్టుకుని ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడితే అత్త ఎవరో కొత్త మనిషనుకుని పైట సర్దుకుంది.

వర్క్‌షాప్‌లో ఆయన పక్కన పనిచేసే బెంగాలీ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. పళ్ళు బాగున్నాయా లేదా అన్నది అన్నం తింటే తెలియదు, గోల్ బజార్ కేబిన్‌లో మొగలాయి పరోటా తింటేనే తెలుస్తుందని ఆయన మావయ్యకి ఎక్కించాడు. కేబిన్ అంటే ఇక్కడ బెంగాలీ వాళ్ళ చిన్న హోటల్. లోపల చెక్కలతో చిన్న చిన్న గదుల్లా అడ్డం కట్టి, ఒక్కోదానికి ముందు తెర వేలాడదీస్తారు. కుటుంబాలు వస్తే ఆ తెర వెనక కూర్చోబెడతారు.

శనివారం రాత్రి అన్నం దగ్గర మావయ్య కబురు చెప్పారు.

"రేపు డూటీల్లేవు గదా. సాయంత్రం అందరం కేబిన్‌కెల్దాం."

అత్త గరిటె పట్టుకుని ఆగిపోయింది. "హోటల్‌కా? ఎందుకు, మనింట్లో పొయ్యి ఆరిపోనాదేటి?"

"ఆర్లేదు. నా పళ్ళకి పరీచ్చ."

"పళ్ళు నీయి. పరీచ్చ నీది. మేమెందుకు?"

"నాను పాసయినానో నేదో సూడ్డానికి మనుసులుండొద్దేటి?"

మీ తాతయ్య తల వంచుకుని నవ్వుతున్నారు. ఇక ఆదివారం మధ్యాహ్నం నుంచి ఆవిడ హడావుడి చూడాలి. నేత చీర తీసి మడతలు దులిపింది. మడత పెట్టింది. మళ్ళీ తీసింది. వాళ్ళు అన్నం పెడతారో పెట్టరో అని రాత్రికి సరిపడా అన్నం, పప్పు వండి మూతలు పెట్టింది. మంచినీళ్ళ చెంబు ఒకటి తోమి, సంచిలో పెట్టుకుంది. అక్కడ నీళ్ళుండవా అత్తా అంటే, "ఉంతాయి. ఎవులెవులు తాగినారో ఆ గలాసుల్తోటి" అంది.

రెండు రిక్షాలు మాట్లాడుకున్నాం. ముందు రిక్షాలో మగవాళ్ళు, వెనక రిక్షాలో మేము. దారి పొడుగునా అత్త చెంబు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికి వెళుతున్నట్టు నిటారుగా కూర్చుంది. నాకు మాత్రం లోపల ఒకటే ఆలోచన. హోటల్లో ఎవడు ఆగుతాడు. వేడివేడిగా తెచ్చి ముందు పెడతాడు. ఇవాళ నాకు వేడి తిండి దొరుకుతుంది. రిక్షా గుంటలో పడి ఎగిరినా ఆ ఆలోచన చెదరలేదు.

కేబిన్ గుమ్మంలోనే ఆవనూనె, వేగిన ఉల్లిపాయ వాసన ముక్కుకి తగిలింది. తలపాగాలా తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఒకడు వచ్చాడు. వడ్డించేది ఆయనే. "ఆసున్, ఫ్యామిలీ కేబిన్, బోసున్", రండి కూర్చోండి అంటూ ఒక ఆకుపచ్చ తెర పక్కకి లాగాడు. ఆ తెర అంచు అందరూ చేతులు తుడుచుకుని నల్లగా అయిపోయింది. లోపల ఒక బల్ల, అటూ ఇటూ రెండు బెంచీలు. నలుగురికి సరిపోతుంది. ఆయన చూపిస్తూ నిలబడ్డాడు. మేం నలుగురం ఆ దారిలో నిలబడ్డాం. ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

ఎలా వెళ్తాం చెప్పు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే నేను మావయ్యకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరలో కూర్చోవాలి. అప్పటిదాకా ఆయన ముందు నేను నేల మీద కూడా కూర్చోలేదు. ఆయన ఇంట్లో ఉంటే నేను గోడవారగా నిలబడటమే. వెనక నుంచి ఎవరో దారి ఇవ్వమంటున్నారు. మీ తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి.

చివరికి మావయ్య దగ్గి, "దాదా, దో కేబిన్ దీజియే" అన్నారు.

ఆ పెద్దాయన మా నలుగురినీ తేరిపార చూశాడు. చోటు సరిపోయే కుటుంబం రెండు గదులు అడగడం ఆయన ఎప్పుడూ చూడలేదు కాబోలు. మీ తాతయ్య దగ్గరికి వంగి, "ఝగ్డా హొయేఛే నాకి?" అన్నాడు. ఏం, గొడవ పడ్డారా అని. మీ తాతయ్య లేదు లేదని తలూపితే, ఆ తలూపడం చూసి ఆయన గొడవ ఖాయమనుకున్నాడు. ఎంతో జాలిగా మా కోసం రెండో తెర లాగాడు.

అలా ఒక కేబిన్‌లో మగవాళ్ళు, పక్క కేబిన్‌లో అత్తా నేనూ. మధ్యలో చెక్క అడ్డం. అది మనిషి తలెత్తు వరకే ఉంది. పైనంతా ఖాళీ. మాట మాటా వినిపిస్తుంది, మనిషి మాత్రం కనిపించడు. అత్త చెంబు తీసి బల్ల మీద పెట్టి, "బాగానే కట్టినారు" అని చెక్కని వేలితో కొట్టి చూసింది.

కాసేపటికి మొగలాయి వచ్చింది. నిన్న నువ్వు తినిపించిన రొట్టె దానికి చిన్న చెల్లెలు అనుకో. ఇది పెద్దది. లోపల గుడ్డు, ఖీమా పెట్టి నాలుగు వైపులా మడిచి, నూనెలో ఎర్రగా వేయించి, చదరాలుగా కోసి తెచ్చాడు. పక్కన బంగాళదుంప కూర, చిన్న సాసర్‌లో ఉల్లిపాయ, బీట్‌రూట్ ముక్కలు, పళ్ళెం అంచున పసుపుపచ్చగా ఆవముద్ద. కోసినచోట నుంచి పొగలు వస్తున్నాయి. ఆ పొగ నా మొహానికి తగిలింది.

చెయ్యి చాచబోయి అత్త వైపు చూశాను. అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చెక్క వైపు చెవి పెట్టి కూర్చుంది.

"అత్తా."

"ఉండు. ఆరు తిననీ."

నా ప్రాణం ఉసూరుమంది. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చినా గడప మాతోనే వచ్చేసింది. నేనూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

సరే, మగవాళ్ళు హోటల్ తిండి ఎంతసేపు తింటారు, ఐదు నిమిషాలు అనుకున్నాను. పళ్ళ సంగతి మర్చిపోయాను. చెక్క అవతల నుంచి టక్, టక్ అని వినిపిస్తోంది. ఆగుతోంది. మళ్ళీ టక్.

"ఎలగుంది నాన్నా?" అని మీ తాతయ్య గొంతు.

"లోపల మెత్తగా బాగానే ఉంది. అంచు దగ్గిరికొచ్చేసరికి పైపళ్ళు కిందకి దిగొచ్చీస్తన్నాయి."

"ఓ పక్కేసి నవులు."

"ఏ పక్కేసినా రెండో పక్క లెగుస్తందిరా. ఉండు, కంగారెట్టకు. నాను నేర్సుకోవాల."

ఆయన నేర్చుకుంటున్నారు. నా ముందు పొగ సన్నబడుతోంది. టక్. ముక్క అంచున నూనె మెరుపు తగ్గుతోంది. టక్. అత్త మొహం చూస్తే ఏమీ తెలియదు. గొంతు దగ్గర మాత్రం ఒకసారి మింగినట్టు కదిలింది. ఆవిడకీ ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది.

పెద్దాయన తెర తీసి చూశాడు. పళ్ళేలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయన మొహం చిన్నబోయింది. "ఖాచ్ఛేన్ నా కేనో? భాలో హోయ్‌ని?" ఎందుకు తినడం లేదు, బాగాలేదా అని. అత్తకి బజారు బెంగాలీ వచ్చు. "భాలో, భాలో" అని, చెక్క వైపు చూపించి, "ఓరా ఆగే" అంది. వాళ్ళు ముందు అని. ఆయనకి అర్థం కాలేదు. చల్లారిపోతోందని గొణుక్కుంటూ రెండు పళ్ళేలూ ఎత్తుకుని లోపలికి పట్టుకెళ్ళాడు. పెనం మీద వెచ్చబెట్టి మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ పొగలు వచ్చాయి. మేం మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాం. టక్, టక్.

రెండోసారి ఆయన తెర తీసి చూసి, నేరుగా పక్క కేబిన్‌లోకి వెళ్ళాడు. మీ ఆడవాళ్ళు తినడం లేదు, వంటవాడు నా మీద అరుస్తున్నాడు, మీ ఇంటి గొడవలోకి మా మొగలాయిని లాగకండి అని హిందీలో బతిమాలాడు. అవతల టక్ ఆగిపోయింది.

మీ తాతయ్య గొంతు చెక్క మీదుగా వచ్చింది.

"అమ్మా, తినండి. సల్లారిపోతాది."

"మీరు కానియ్యండి" అంది అత్త.

"నాన్న తినమంటన్నాడు."

"ఆయన్ని కానియ్యమను. మాకు తొందరేటి."

అప్పుడు మావయ్యే మాట్లాడారు. కొడుకుతో మాట్లాడినట్టే, కానీ గొంతు పెంచి.

"ఒరే, నాకీ పళ్ళతోటి తెల్లారిపోద్ది. అందాకా కూకుంతాదేటి మీయమ్మ? ఆ పిల్ల కూడా తిన్నేదా?"

అత్త నా వైపు చూసింది. నేను బల్ల వైపు చూశాను. అత్త నెమ్మదిగా, అవతలికి వినపడేంత మాత్రమే, "ఇన్నేళ్ళలో నాను ఎప్పుడైనా ముందు తిన్నానేటి? ఇయ్యాల హోటల్‌కొచ్చి తినీమంటే ముద్ద దిగుతాదా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆవిడ పద్ధతి కోసం ఆగడం లేదు, ఆవిడకి ముద్ద గొంతు దిగదు. అది నాకు అప్పుడే తెలిసింది. తినమని ఎవరు చెప్పినా లాభం లేదు.

అవతల గ్లాసులోంచి నీళ్ళు వంచిన చప్పుడు వినిపించింది. బుడబుడమని. మనవాళ్ళల్లో మగవాడు తినడం అయిపోతే కంచంలోనే చెయ్యి కడిగేసుకుంటాడు, ఆ చప్పుడు కోసమే ఆడవాళ్ళు చెవులు పెట్టుకుని ఉంటారు. అదే చప్పుడు.

"నాను సెయ్యి కడిగీసుకున్నాను" అన్నారు మావయ్య. "అబ్బాయి కూడా కడిగీసుకున్నాడు. ఇక తినండి."

అత్త కదల్లేదు. ఆయన సగం కూడా తినలేదని ఆవిడకి తెలుసు. ఎన్ని టక్కులయ్యాయో ఇద్దరం విన్నాం. నెలల తరబడి జావ తాగిన మనిషి, పళ్ళు వచ్చాక మొదటిసారి కొరుక్కు తినే తిండి ముందు చెయ్యి కడిగేసుకున్నాడు. అత్త కళ్ళు కాసేపు ఆ చెక్క మీదే ఉన్నాయి. తర్వాత పళ్ళెం నా వైపు జరిపి, "తిను పిల్లా" అంది. తనూ ఒక ముక్క విరిచింది.

ఆ మొదటి ముక్క గురించి ఎంత చెప్పినా చాలదు. నాలుక కాలింది. అంచు కరకరమంది. లోపల ఖీమా, పచ్చిమిర్చి, గుడ్డు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేడికే. అత్త ఆవముద్దలో వేలు పెట్టి నాకి చూసి, "ఇదేటే, మన ఆవపిండే. పులిహోరలో ఏసేదే. ఈళ్ళు పళ్ళెం అంచుకెట్టి గొప్ప సేస్తన్నారు" అంది. అని ఇంకా కొంచెం తీసుకుంది.

రెండో ముక్క తింటున్నాను. అవతల నుంచి, టక్.

అత్త నమలడం ఆపింది. నేనూ ఆపాను. మళ్ళీ టక్, టక్. చెయ్యి కడిగేసుకున్న మనిషి తింటున్నారు. ఆయన నీళ్ళు వంచుకున్నది ఉల్లిపాయ ముక్కల సాసర్‌లో అని తర్వాత మీ తాతయ్య చెప్పారు. మొగలాయి పళ్ళెం పొడిగా అలాగే ఉందట. నీళ్ళ చప్పుడు మాకు వినిపించి, తడి చెయ్యి పంచెకి తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టారట.

నేను అత్త మొహం చూశాను. ఇప్పుడు ముక్క కింద పెట్టేస్తుందా అని. నా పళ్ళెంలో ఇంకా బోలెడు ఉంది, ఇంకా వేడిగా ఉంది. అత్త చెక్కని చూసింది. నన్ను చూసింది. దవడ మళ్ళీ కదిలింది.

"పళ్ళు సర్దుకుంతన్నట్టున్నాడు" అంది. "తిను, తిను."

అంతే. మేము ఇటు తిన్నాం, వాళ్ళు అటు తిన్నారు. ఒకే వేళకి, నలుగురం. ఎవరూ ఎవరినీ చూడలేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. పెద్దాయన మూడోసారి తెర తీసి, ఖాళీ పళ్ళేలు చూసి, దండం పెట్టినంత పని చేశాడు. వెళ్ళేటప్పుడు మీ తాతయ్య భుజం తట్టి, "మిట్‌మాట్ హొయే గేఛే?" అన్నాడు. రాజీ అయిపోయిందా అని.

ఇంటికొచ్చాక మావయ్య పళ్ళు తీసి గ్లాసులో వేసుకుంటుంటే అత్త అడిగింది.

"పరీచ్చ పాసయినావా?"

"పాసయినాను. సెయ్యి కడుక్కున్నాక ఇంకా బాగా పాసయినాను."

అత్త పైట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వండి పెట్టిన అన్నం ఎవరికీ అక్కర్లేకపోయింది. పొద్దున్న చద్దన్నం అయింది.

ఆ వారంలోనే ఒకరోజు నేను బట్టలారేసి వచ్చేసరికి అత్త స్టూలెక్కి వెనక వరండాలో తాడు కడుతోంది. గోడకి మేకు కొట్టి, వంటింటి గుమ్మం దాకా తాడు లాగి, దాని మీద తన పాత నేత చీర ఒకటి పరిచింది. పక్క క్వార్టర్ ఆవిడ గోడ మీంచి చూసి, ఎందుకమ్మా తెర అంటే, "ఈగలు" అంది అత్త. తెరకి అటు మావయ్య పీట, ఇటు మా పీటలు.

మధ్యాహ్నం భోంపు కూసింది. మావయ్య వచ్చి, సైకిల్ ఆనించి, తెర చూశారు. ఏమిటని అడగలేదు. పీట మీద కూర్చున్నారు. అత్త గిన్నెలన్నీ ఆయన పక్కనే పెట్టి ఇటు వచ్చేసింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన తన అన్నం తనే వడ్డించుకున్నారు. పులుసు సగం నేల మీద పోసుకున్నారు, అది వేరే సంగతి. వడ్డించుకున్నాక, ముద్ద ఎత్తకముందే, చెంబులో నీళ్ళు పక్కనున్న పళ్ళెంలోకి వంచుతూ వేళ్ళు తడుపుకున్నారు. బుడబుడమని.

"కడిగీసుకున్నాను" అన్నారు.

అత్త నా కంచంలో అన్నం పెట్టింది. పొగలు పోతున్న అన్నం. గుంట చేసి నెయ్యి వేసింది. అది కరిగి గింజల మధ్యకి దిగిపోతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. అత్త మోచేత్తో పొడిచింది. "సూడ్డానికేటుంది. తిను."

మరి మీ తాతయ్య సంగతి ఏమిటంటావు. ఆయన బండి మీదుంటే అత్తే తీర్మానం చేసేసేది. "ఆడు ఈపాటికి బాలాసోర్‌లో సెయ్యి కడిగీసే ఉంతాడు." ఆయన బండి దిగి ఇంటికొచ్చి, గుమ్మంలోనే కుండలో నీళ్ళు చేతుల మీద వంచుకుని, "నాను కడిగీసుకున్నాను, ఇప్పుడు అన్నం ఎట్టండి" అనేవారు. అత్త ఎంత తిట్టినా మానలేదు.

అలా ఆ తెర ఎన్ని చలికాలాలు ఉందో. మీ నాన్న దాని కిందే పాకడం నేర్చుకున్నాడు. అటు తాతగారి కంచంలో ఒక ముద్ద, ఇటు నానమ్మ కంచంలో ఒక ముద్ద తినేవాడు. వాడొక్కడికే రెండు వైపులా ఏం జరుగుతోందో తెలుసు. చీర చివికిపోతే అత్త ఇంకో చీర వేసేది. ఉతికినప్పుడు ఆరేదాకా దుప్పటి కట్టేది. తెర లేని పూట మాత్రం లేదు.

ఒక వానాకాలం, అది బాగా గుర్తు, వెనక వరండాలో జల్లు కొడుతోంది. ఆరోజు మీ తాతయ్యకి కూడా డ్యూటీ లేదు. ఇద్దరూ అటు, మేమిద్దరం ఇటు. బంగాళదుంప వేపుడు, చేపల పులుసు. మావయ్య నీళ్ళు వంచుకున్నారు, అందరం మొదలుపెట్టాం. తాడు నాని ఉందేమో, గాలి ఒక్కసారి కొట్టేసరికి మేకు ఊడి, తెర మొత్తం ఊడి మా మధ్య నేల మీద పడింది.

ఎలా ఉంటుందో ఊహించుకో. మావయ్య నోట్లో ముద్ద. అత్త నోట్లో ముద్ద. నా చెయ్యి నోటికి సగం దూరంలో. మీ తాతయ్య వేళ్ళ మధ్య చేప ముల్లు. పెళ్ళయి అన్నేళ్ళయినా అత్తా మావయ్యా ఇద్దరూ ఒకేసారి తింటూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. ఎవరం కదల్లేదు. మీ నాన్న ఒక్కడే చప్పట్లు కొట్టాడు. నేను కంచం కింద పెట్టి లేవబోయాను. అప్పుడు మావయ్య, అత్త మొహం మీంచి చూపు తిప్పకుండానే, చెంబు అందుకుని మళ్ళీ వేళ్ళ మీద నీళ్ళు వంచుకున్నారు. వంచుకుని, ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. టక్ అంది. అత్త నోట్లో ముద్ద తాపీగా నమిలి మింగింది. మింగి, ఆయన వైపు చూసి, ఏమందంటే...

"అత్తయ్యా, వడ్డించేశాను, బేగి రండి. మీరొచ్చి కూకుంటే గానీ ఎవరూ ముట్టరు, సల్లారిపోతన్నాయి."

అదిగో, మీ అమ్మ పిలుస్తోంది. నా కోసం ఆగొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. వస్తున్నానమ్మా, ఈ మోడాలోంచి లేవడమే నాకు పెద్ద పని, మీరు మొదలుపెట్టెయ్యండి, నేను చెయ్యి కడిగేసుకున్నాననే అనుకుని.